చిన్న బండి పనితనం పోకముందే

సంపాదకులకు నమస్కారం.

పోయిన వారం మీ ఉత్తరాల పేజీలో ఆవిరి ఇంజన్ల గురించి ఒక పాఠకుడు రాసింది చదివాను. పాత ఇంజన్లకు రంగులేసి పార్కుల్లో పెట్టారు కదా, అంతకు మించి చేసేదేముంది, వాటిని మళ్లీ నడిపించాలనుకోవడం డబ్బున్న దేశాల సరదా అన్నది ఆయన మాట. ఆయన మీద నాకు కోపం లేదు. రెండేళ్ల కిందటి దాకా నేనూ ఇంచుమించు అలాగే అనుకునేవాణ్ణి. కానీ నేను విశాఖపట్నం డీజిల్ షెడ్డులో ముప్పై నాలుగేళ్లు ఫిట్టరు పని చేసినవాణ్ణి. మా నాన్న నౌపడ–గుణుపురం చిన్న బండి మీద క్లీనరుగా చేరి డ్రైవరుగా రిటైరయినవాడు. ఈ మాట చదివి ఊరుకుంటే ఆయన పేరు చెప్పుకునే హక్కు నాకు ఉండదనిపించి ఈ ఉత్తరం రాస్తున్నాను. కొంచెం పొడుగైంది, వీలైతే కత్తిరించకుండా వేయమని కోరుతున్నాను.

చిన్న బండి అంటే ఇప్పటి పిల్లలకు తెలియదు కాబట్టి ముందు దాని సంగతి. పర్లాకిమిడి రాజావారు వేయించిన లైను అది. పట్టాల మధ్య వెడల్పు రెండున్నర అడుగులే. 1900లో నౌపడ నుంచి పర్లాకిమిడి దాకా సుమారు 40 కిలోమీటర్లు మొదలైంది. తర్వాత గుణుపురం దాకా సాగింది. మొత్తం కలిపితే 90 కిలోమీటర్లు. నౌపడ ఉప్పు మళ్ల దగ్గర బయల్దేరి టెక్కలి, పాతపట్నం దాటి వంశధార పక్క ఊళ్లలోకి పోయేది. 2004లో పెద్ద లైను కోసం దాన్ని ఆపేశారు. 2011లో పెద్ద బండి వచ్చింది. అది రావాల్సిందే. గుణుపురం మనిషి రోగిని తీసుకుని బండి మారకుండా విశాఖ వెళ్లగలుగుతున్నాడంటే అది చిన్న విషయం కాదు. పాత లైను అలాగే ఉంచాల్సిందని నేను ఏనాడూ అనలేదు, ఇప్పుడూ అనను.

నా బాధ ఇంకొకటి. ఆ లైనుతోపాటు ఒక పనితనం ఉండేది. పట్టాలు ఎత్తేసినట్టు దాన్ని కూడా ఎత్తేశాం.

మా నాన్న సాయంత్రం డ్యూటీ దిగి ఇంటికొచ్చి, కాళ్లూ చేతులూ కడుక్కుని, అరుగు మీద కూర్చుని వత్తులు చేసేవాడు. దీపం వత్తులు కాదు. ఇంజను ఇరుసుల మీద నూనె పెట్టెలుంటాయి. వాటి నుంచి నూనె చుక్కచుక్కగా ఇరుసు మీదికి దిగాలి. ఎక్కువ దిగితే నూనె వృథా, తక్కువ దిగితే ఇరుసు కాలిపోతుంది. అందుకని సన్నటి రాగితీగ మధ్యకు మడిచి, దాని మీద ఊలు దారం చుట్టి, ఒక కొస నూనెలో మునిగేలా, ఇంకో కొస గొట్టంలోకి దిగేలా వత్తి వేస్తారు. నూనె ఊలు వెంట పాకి గొట్టంలోకి జారుతుంది. ఎన్ని పోగులు వేయాలన్నది ఇంజనును బట్టి, ఎండను బట్టి మారుతుంది. వేసవిలో నూనె పల్చబడి తొందరగా దిగుతుంది కాబట్టి ఒక పోగు తీసేవాడు. చలికాలంలో ఒకటి ఎక్కువ వేసేవాడు. కార్తీక మాసంలో అదే అరుగు మీద మా అమ్మ ఇటు పత్తి వత్తులు చేస్తుంటే ఆయన అటు ఊలు వత్తులు చేసేవాడు. ఇద్దరూ మాట్లాడుకునేవాళ్లు కాదు. చేతులు మాత్రం ఆగేవి కావు.

నేను డీజిల్ షెడ్డులో చేరాక ఆ వత్తుల సంగతి మరిచిపోయాను. మాకు పంపులుండేవి, పైపులుండేవి. ఆయన పోయిన తర్వాత, ఎన్ని పోగులో అడిగి రాసుకోలేదన్న సంగతి గుర్తొచ్చింది.

ఇంకో విషయం కూడా చెప్పి ముందుకు పోతాను. చిన్న బండి స్టేషన్లలో ఒకదానిలో ఇత్తడి గంట బదులు పట్టా ముక్క వేలాడదీసి ఉండేది. బండి పక్క స్టేషను వదిలిందని తెలియగానే పోర్టరు దాన్ని సుత్తితో కొట్టేవాడు. ఏళ్ల తరబడి ఒకే చోట దెబ్బ పడి, అక్కడ బొటనవేలు పట్టేంత గుంట పడింది. చుట్టూ తుప్పు, ఆ గుంట మాత్రం వెండిలా మెరిసేది. లైను ఆపేశాక దాన్ని తుక్కులో వేశారని విని ఒక ఆఫీసుకు వెళ్లాను. దాని బరువుకు ఎంత ధర ఉంటే అంత కడతాను, ఇవ్వమని అడిగాను. లాటు విడగొట్టడం కుదరదన్నారు. ఆ మాట చెప్పినాయన రూలు ప్రకారమే చెప్పాడు, తప్పు పట్టను. కానీ ఆ ముక్క వెళ్లిపోయింది. దాన్ని అడగడానికి ఆ రోజు నేనొక్కణ్ణే వెళ్లాను. పదిమందిమి వెళ్లి ఉంటే వేరుగా ఉండేదేమో అని ఇప్పటికీ అనుకుంటాను.

ఇక అసలు విషయానికి వస్తాను. మా అమ్మాయి బర్మింగ్‌హామ్‌లో ఉద్యోగం చేస్తోంది. రెండేళ్ల కిందట వేసవిలో నేనూ మా ఆవిడా వెళ్లాం. నేను రైళ్ల మనిషినని తెలుసు కాబట్టి అల్లుడు వేల్స్‌లో టవిన్ అనే సముద్రపు ఒడ్డు ఊరికి టికెట్లు తీశాడు. బర్మింగ్‌హామ్ నుంచి ఒకే బండిలో వెళ్లిపోవచ్చు. చివర్లో ఒక నది ముఖద్వారం చుట్టూ తిరిగి సముద్రాన్ని ఆనుకుని పోతుంది ఆ బండి. అక్కడ టాలిలిన్ రైల్వే అని ఒక చిన్న లైను ఉంది. పొడుగు ఏడుంపావు మైళ్లు. వెడల్పు రెండడుగుల మూడంగుళాలు, అంటే మన నౌపడ లైనుకంటే కూడా సన్నం. బ్రిన్ ఎగ్లుయిస్ అనే కొండ గని నుంచి పలకరాయి దింపడానికి 1865లో వేశారు.

మధ్యాహ్నం బండి ఎక్కాం. పెట్టెలకు ఒక పక్కే తలుపులు. ఎందుకని గార్డును అడిగాను. లైను వేసిన కొత్తలో తనిఖీకి వచ్చిన ప్రభుత్వ అధికారి కొలిచి చూస్తే, వంతెనల కింద బండికీ గోడకూ మధ్య చాలినంత చోటు లేదట. వంతెనలు పడగొట్టే బదులు, ఒక పక్క తలుపులు శాశ్వతంగా మూసేసి, వంతెనల కింద పట్టాలను కాస్త ఆ పక్కకు జరిపారట. నూటయాభై ఏళ్లు దాటినా ఇప్పటికీ స్టేషన్లన్నీ ఒకే పక్క. ఇది చెప్తున్నప్పుడు ఆయన ముఖంలో ఉన్న వెలుగు చూసి, రైల్వేలో ఎన్నేళ్లు చేశారని అడిగాను. చేయలేదన్నారు. మందుల షాపు నడిపి రిటైరయ్యారట. ఇక్కడ జీతం లేదు, నెలకు నాలుగైదు రోజులు వచ్చి గార్డు డ్యూటీ చేస్తారట. రూల్సు పరీక్ష రాసి పాసయ్యాకే జెండా చేతికిచ్చారట.

జీతం తీసుకునే సిబ్బంది కొద్దిమంది ఉన్నారు. మిగతా వాళ్లంతా ఇలాంటివాళ్లే. మా బండి ఇంజనులో బొగ్గు వేసే ఫైర్‌మన్ కాలేజీ కుర్రాడు. టికెట్లు చించిన ఆవిడ బడిపంతులు. లైను పక్క గడ్డి కోస్తూ మాకు చెయ్యి ఊపిన ముగ్గురూ డెబ్బై దాటినవాళ్లు. హైస్కూలు పిల్లలు ఇద్దరు పెట్టెల కిటికీ చెక్కలకు వార్నీషు వేస్తున్నారు.

నేను రైల్వే ఫిట్టర్నని, మా నాన్న సన్న లైను మీద బొగ్గు వేసినవాడని చెప్పేసరికి గార్డుగారు నా చెయ్యి వదల్లేదు. రేపు తెల్లవారుజామున షెడ్డుకు రండి, నిప్పు వేసేది చూద్దురుగాని అన్నారు. ఆ రాత్రి ఊళ్లోనే ఉండిపోయాం.

పెండ్రె అని, టవిన్‌లోనే ఉంటుంది షెడ్డు. వెళ్లేసరికి బయట వెలుతురు వచ్చింది గానీ లోపల చీకటి. ఆ రోజు నిప్పు వేసేది డోల్గోఖ్ అనే ఇంజనుకు. 1866 నాటిది. నిప్పు వేసే ఆయన ముందుగా బాయిలరులో నీళ్లెంత ఉన్నాయో చూపే గాజు గొట్టం చూశాడు. రెండు కుళాయిలూ తిప్పి, నీటిమట్టం నిజంగా ఉన్నచోటే ఉందా అని పరీక్షించాడు. మా నాన్న ఏనాడూ ఆ గాజును ఒక్కసారి చూసి నమ్మేవాడు కాదు. తర్వాత నిన్నటి బూడిద, గట్టిపడిన చిట్టెం కెలికి తీశాడు. పొగపెట్టె తలుపు తీసి ఊడ్చాడు. బొగ్గు పలచగా పరిచి, దాని మీద చీల్చిన కర్రముక్కలు, నూనెలో ముంచిన గుడ్డపీలికలు వేసి అగ్గిపుల్ల గీశాడు. ఇక కూర్చోవడమే. కొన్ని గంటలు పడుతుంది. తొందరపెట్టకూడదు. బాయిలరు ఒక చోట వేడెక్కి ఇంకో చోట చల్లగా ఉంటే లోపలి గొట్టాల మూతులు వదులై నీళ్లు కారతాయి. పొగ ముందు తెల్లగా, తడిగా నేల మీదే పాకింది. కాసేపటికి గొట్టం వేడెక్కి పైకి లేచింది. కాలిన బొగ్గు, వేడెక్కిన నూనె కలిసిన వాసన వచ్చింది. అది మా నాన్న చొక్కా వాసన. పక్కనే ఉన్న మా ఆవిడ నా భుజం మీద చెయ్యి వేసింది. ఆమె కాపురానికి వచ్చిన కొత్తలో ఆ చొక్కాలు ఉతికింది.

ఆవిరి ఒత్తిడి చూపే ముల్లు ఇంకా కదలకముందే ఒక ముసలాయన చిన్న రేకు డబ్బా తెచ్చి ఇంజను పక్కన పీట వేసుకున్నాడు. డబ్బాలో రాగితీగ, ఊలు దారం. ఆయన వత్తులు చుట్టడం మొదలుపెట్టాడు.

నేను దగ్గరికి వెళ్లి కూర్చున్నాను. నా ఇంగ్లీషు అంతంతమాత్రం, ఆయన యాస నాకు సగం అర్థం కాలేదు. ఎన్ని పోగులు అని వేళ్లతో అడిగాను. ఆయన చూపించాడు. వేసవిలో ఒకటి తక్కువా అని అడిగాను. ఆయన చేతులు ఆగిపోయాయి. నీకెలా తెలుసు అన్నాడు. మా నాన్న అన్నాను. ఆయన నోట్‌బుక్కు తీసి నాకు చూపించాడు. ఏ ఇరుసుకు ఎన్ని పోగులు, ఏ నెలలో ఎన్ని, ఇంజనుకో పేజీ చొప్పున రాసి ఉంది. తనకు నేర్పినాయన రాసిందట అది. ఇప్పుడు ఇద్దరు కుర్రాళ్లు దాన్ని ఎక్కించుకుంటున్నారట. బొగ్గు పార మీద మా నాన్న ఎండుచేప కాల్చుకునేవాడని చెప్తే, మేం గుడ్లు వేయించుకుంటాం అన్నాడు.

మా పాఠక మిత్రుడు అన్న డబ్బున్న దేశం సంగతి ఇక్కడే చెప్పాలి. ఈ లైను ఎలా బతికిందో ఆ స్టేషన్లోనే ఉన్న సన్న లైన్ల మ్యూజియంలో చదివాను, గార్డుగారినీ గుచ్చిగుచ్చి అడిగాను. 1911 నుంచి ఆ గనికి, రైలుకు యజమాని సర్ హేడన్ జోన్స్, ఆ ప్రాంతపు పార్లమెంటు సభ్యుడు. 1946 చివర్లో గని కూలి మూతపడింది. రైలుకు ఇక సరుకు లేదు. అయినా నేను బతికున్నంత కాలం బండి నడుస్తుందని చెప్పి ఆయన నష్టానికి నడిపాడు. 1948లో దేశంలోని రైళ్లన్నీ ప్రభుత్వపరమైనప్పుడు ఈ బుల్లి లైను ఆ చట్టం జాబితాలోకే ఎక్కలేదు. 1950 జులైలో ఆయన పోయాడు. అందరూ బండి ఆగిపోయిందనే అనుకున్నారు.

దానికి ఏడాది ముందు టామ్ రోల్ట్ అనే ఇంజనీరు ఒక పత్రికకు ఉత్తరం రాశాడు. సంపాదకుడికి ఉత్తరం, ఇలాంటిదే. బర్మింగ్‌హామ్ పోస్ట్ అనే పేపరులో అచ్చయింది. ఈ లైనును కాపాడుకుందాం రండి అన్నది దాని సారాంశం. స్పందన బాగానే వచ్చింది. 1950 అక్టోబరు 11న బర్మింగ్‌హామ్‌లో ఒక హోటల్లో మీటింగు పెడితే ఓ డెబ్బైమంది వచ్చారు. సంఘం పెట్టుకున్నారు. సర్ హేడన్ భార్య ఒప్పుకుని లైను వాళ్ల చేతికిచ్చింది. 1951 మే 14న మొదటి బండి కొద్ది దూరం నడిచింది. జీతం లేని మనుషులు ఒక రైలు మార్గాన్ని చేతిలోకి తీసుకుని నడపడం ప్రపంచంలో అదే మొదలు. ఆనాడు ఆ దేశంలో మాంసం ఇంకా రేషను కార్డు మీదే. యుద్ధం చితగ్గొట్టిన దేశం అది. డబ్బు ఎక్కువై పార పట్టలేదు వాళ్లు.

వాళ్లకు దక్కిన లైను ఎలా ఉండేదంటే, వేసిననాటి ఇనప పట్టాలు అలాగే ఉన్నాయి. పట్టాల కింది చెక్క స్లీపర్లు పుచ్చిపోయి, మొలిచిన గడ్డి దుబ్బులే పట్టాలను కదలకుండా పట్టుకుని ఉన్నాయట. ఉన్న రెండు ఇంజన్లలో నడిచేది డోల్గోఖ్ ఒక్కటే. పక్క లోయలో కోరిస్ అని ఇదే వెడల్పు లైను 1948లో మూతపడి, దాని ఇంజన్లు రెండు మిగిలాయి. ఒక్కొక్కటి 25 పౌండ్లకు కొన్నారు. తెచ్చి పట్టాల మీద పెడితే ఒకటి మాటిమాటికీ కింద పడింది. ఎందుకో ఎవరికీ అంతుపట్టలేదు. కొలిచి చూస్తే లైను వెడల్పు ఉండాల్సిన దానికంటే దాదాపు అరంగుళం ఎక్కువ. అది అరిగిపోయి పెరిగింది కాదు. పాతకాలం వాళ్లు తమ మొదటి ఇంజనుకు ముందు వెనక చక్రాల మధ్య దూరం ఎక్కువ కాబట్టి దానికి తగ్గట్టు కావాలనే అలా వేసుకున్నారు. పాత ఇంజన్ల చక్రాల అంచులు వెడల్పు కాబట్టి నిలబడ్డాయి, కొత్తగా వచ్చినదానికి అంచు సన్నం కాబట్టి పట్టాల మధ్యకు దిగిపోయింది. చివరికి లైనంతా మళ్లీ సరైన కొలతకు వేశారు. రెండో ఇంజనును హన్స్‌లెట్ అనే ఇంజన్ల కంపెనీ అధిపతి, ఆయన కూడా సంఘం సభ్యుడే, డబ్బు తీసుకోకుండా బాగుచేయించి పంపాడు.

ఫిట్టరుగా నాకు ఈ అరంగుళం కథ చాలా పెద్దది. ఆ కొలత ఎందుకు తప్పిందో చెప్పే మనిషి లేకపోబట్టి ఇంజను ఎన్నిసార్లో పడింది. కాగితం మీద ఉన్న కొలత ఒకటి, పని చేసిన చేతులకు తెలిసిన కొలత ఇంకొకటి. మన చిన్న బండిలో అలాంటి అరంగుళాలు ఎన్ని ఉండేవో.

ఆ తర్వాత 1976లో, గనికి పోయే పాత మార్గం మీద నాంట్ గ్వెర్నోల్ దాకా లైను పొడిగించారు. ఆ పనిలోనూ జీతం లేని చేతులున్నాయి. 2021లో ఆ ప్రాంతపు పలకరాయి కొండలను యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు ఈ రైలు కూడా అందులో ఉంది. వాళ్లను చూసి బ్రిటన్‌లో ఇంకెన్నో లైన్లు ఇలాగే లేచాయి. ఫెస్టినియోగ్ అనే చోట జలవిద్యుత్తు కోసం కట్టిన చెరువులో లైను మునిగిపోతే, కుర్రాళ్లు ఏళ్ల తరబడి వచ్చి కొండ చుట్టూ కొత్త దారి తవ్వారు, సొరంగంతో సహా.

పార్కులో పెట్టిన ఇంజను గురించి కూడా ఒక పనివాడి మాట. మన దగ్గర ఒక ఊళ్లో అలాంటి ఇంజను పక్కన నిలబడి, ఎవరూ లేనప్పుడు చేతి వేళ్లతో బాయిలరు కింది భాగం తట్టి చూశాను. గట్టి రేకు పలికినట్టు పలకలేదు. పైన నిగనిగలాడే నల్లరంగు, లోపల వాననీరు దిగి తుప్పు. ఇరుసు పెట్టె మూత ఎత్తితే నూనె లేదు, ఎండిన ఆకులున్నాయి. పెయింటు ఏటేటా పడుతుంది, నూనె చుక్క పడదు. నడవని ఇంజను ఉన్నచోటే అరిగిపోతుంది. టాలిలిన్‌లో ఇంజను భాగాలు ఎన్నోసార్లు మారాయి, బాయిలర్లు కొత్తవి వేశారు. పాత ఇనుము ఎంత మిగిలిందని అడిగితే వాళ్లే తడుముకుంటారు. అయినా క్లీనరుగా చేరి, ఫైర్‌మనై, పరీక్ష పాసై, డ్రైవరు కావడం మాత్రం అలాగే ఉంది. మా నాన్న ఎక్కిన మెట్లే అవి. ఆ మెట్ల మీద ఈ రోజు ఒక కాలేజీ కుర్రాడు ఉన్నాడు.

మన దేశంలో ఆవిరి బండి లేదని కాదు. నీలగిరి కొండల మీద రంపంలా పళ్లున్న పట్టా పట్టుకుని ఎక్కే బండి ఉంది, డార్జిలింగ్ ఉంది, రేవాడి షెడ్డులో పెద్ద ఇంజన్లున్నాయి, 1855 నాటి ఫెయిరీ క్వీన్ ఇంజనును మళ్లీ పట్టాలెక్కించారు. ఆ పని చేసిన శాఖ సిబ్బందికి చేతులెత్తి మొక్కుతాను. కానీ అవన్నీ ప్రధానంగా ఉద్యోగుల భుజాల మీద నడుస్తున్నాయి. ఊళ్లో ఉండే మందుల షాపాయనకు, పంతులమ్మకు, ఇంటర్ చదివే కుర్రాడికి నూనెగుడ్డ చేతికిచ్చి, రా, నేర్చుకో అనే తలుపు మన ప్రాంతంలో నాకు ఇంతవరకూ కనపడలేదు. ఉద్యోగి రిటైరైతే పనితనం కూడా ఆయనతో ఇంటికి పోతుంది. నాదీ అలాగే పోయేదే.

బొగ్గు పొగ మంచిదా అని మా మనవడు అడిగాడు. మంచిది కాదు. అక్కడి గనులు మూతపడి బొగ్గు దొరకడం వాళ్లకూ కష్టమవుతోంది, ధర పెరిగింది, వేరే ఇంధనాల కోసం వెతుకుతున్నారు. సెలవురోజుల్లో నాలుగు మైళ్లు నడిచే ఒక చిన్న ఇంజనుకు అయ్యే బొగ్గు ఎంతో లెక్క వేసుకుని మాట్లాడుకోవచ్చు. దానికి నేను సిద్ధం.

నేను అడుగుతున్నది పెద్ద కోరిక కాదు. పాత దారి మీద పెద్ద లైను వచ్చింది కాబట్టి అక్కడ చిన్న బండి మళ్లీ నడవదు, నడవాలని అడగను. ఎక్కడో ఒకచోట అర కిలోమీటరు రెండున్నర అడుగుల పట్టా, నీళ్లు పట్టే ఒక బాయిలరు, దాని మీద ఒక రేకు కప్పు. ఆదివారాలు మేం వచ్చి పని చేసుకుంటాం. బాయిలరు పరీక్ష శాఖవాళ్లే చేయాలి, ప్రాణాలతో పని కాబట్టి అందులో రాజీ వద్దు. ఐటీఐ పిల్లలను పంపితే మాకు తెలిసినది వాళ్లకు నేర్పుతాం. జీతం అడగం, భోజనం మేమే తెచ్చుకుంటాం. రైల్వే అధికారులు ఈ ఉత్తరం చదివితే ఒక్క మనవి. అనుమతి ఇచ్చే ముందు మమ్మల్ని ఒకసారి పిలిచి మాట్లాడండి. కాదనేటట్టయితే కూడా పిలిచే కాదనండి.

ఆ అర కిలోమీటరు వచ్చేదాకా ఊరికే కూర్చోలేదు. చిన్న బండి మీద ఆవిరి రోజుల్లో పని చేసినవాళ్ల పేర్లు పోయిన సంక్రాంతి నుంచి రాసుకుంటున్నాను. టెక్కలి, పాతపట్నం, పర్లాకిమిడి, కాశీనగర్‌లలో కలిపి పద్నాలుగు మంది దొరికారు. అందులో ఇద్దరు నేను వెళ్లేలోపే పోయారు. ఒకరి ఇంట్లో గార్డు లాంతరు దొరికింది, ఎర్ర గాజు పగిలింది, ఆకుపచ్చ గాజు బాగుంది. ఇంకొకరి ఇంట్లో డ్యూటీ పెట్టె ధాన్యం విత్తనాలకు వాడుతున్నారు. తీసుకోలేదు, ఫోటో తీసుకున్నాను. రిటైరైన స్టేషన్ మాస్టరుగారు ఒకరు, పర్లాకిమిడి కాలేజీలో చదివే ఇద్దరు కుర్రాళ్లు నాతో తిరుగుతున్నారు. పెద్దవాళ్లు చెప్పేది తెలుగులోనూ ఒడియాలోనూ ఫోనులో రికార్డు చేసి, కాగితం మీద ఎక్కిస్తున్నాం. మీ పాఠకుల ఇళ్లలో చిన్న బండి ఫోటో గానీ, డ్యూటీ పుస్తకం గానీ, తాత చెప్పిన మాట గానీ ఉంటే మీ పత్రికకే రాయమని కోరుతున్నాను. వస్తువు మీ ఇంట్లోనే ఉండనివ్వండి, మేం వచ్చి చూసి రాసుకుని పోతాం.

వచ్చే ఆదివారం పాతపట్నంలో ఒక పెద్దాయన దగ్గరికి వెళ్తున్నాం. ఎనభై ఏడేళ్లు. మా నాన్న దగ్గర ఫైర్‌మన్‌గా చేసినవాడు. చెవి సరిగ్గా వినపడదు, చూపు బాగానే ఉంది, వేళ్లు వణకడం లేదు. ఫోనులో పోగుల లెక్క అడిగితే చెప్పలేదు. నోటితో చెప్తే తెలియదురా, ఊలు దారం, రాగితీగ పట్టుకుని రా అన్నాడు. రెండూ కొన్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత రైల్వే ఫిట్టరు,
టెక్కలి, శ్రీకాకుళం జిల్లా.